రెక్క చూసి వయసు చెప్పగలరా?

పిట్ట పేరు యాప్ కూడా చెప్పేస్తోంది. వయసు చెప్పమంటే మాత్రం ఇంకా మనిషి కన్నే కావాలి. జువాలజీ చదివి పక్షుల పరిశోధన వైపు వెళ్లాలనుకుంటున్నారా? అయితే ఈ పని ఇప్పటి నుంచే నేర్చుకోండి.

వయసుతో ఏం పని అంటారా? ఒక జాతి తగ్గిపోతోందనుకోండి. పిల్లలు పుట్టడం లేదా, పెద్దవి చనిపోతున్నాయా? వలలో పడిన వాటిలో పిల్లలెన్ని, పెద్దవెన్ని అన్న లెక్కే దానికి ఆధారం. వయసు తప్పు రాస్తే చేసే వైద్యమూ తప్పే.

యూరప్‌లో రింగులు వేసేవాళ్లు సిస్కిన్ అనే బుల్లి ఫించ్‌ని ఎలా చూస్తారో గమనించండి. పెద్ద పిట్ట గూడు కాలం అయ్యాక ఈకలన్నీ మార్చుకుంటుంది. ఆ ఏడాది పుట్టిన పిల్ల అలా కాదు. ఒంటి మీది ఈకలు, రెక్క పైభాగంలో కొన్ని మారుస్తుంది. ఎగరడానికి వాడే పెద్ద ఈకలను మాత్రం మరుసటి వేసవి దాకా అలాగే ఉంచుకుంటుంది. అందుకే రెక్క విప్పితే కొత్త ఈకల పక్కనే పాతవి కనిపిస్తాయి. పాతవి కాస్త పొట్టిగా, వెలిసిపోయి, అంచులు అరిగి ఉంటాయి. పాత చొక్కాకి కొత్త చేతులు కుట్టినట్టు! ఆ అతుకు దొరికితే వయసు దొరికినట్టే. తోక ఈకల కొనలు సూదిగా ఉంటే పిల్ల అన్న అనుమానం బలపడుతుంది. కానీ తోక ఊడి మళ్లీ మొలిచిన పిల్ల మోసం చేస్తుంది. కాబట్టి ఒక్క గుర్తునే నమ్మొద్దు.

ఇదే సూత్రం మన పొలాల్లోని చుక్కల మునియాకి పనికిరాదు. ఫించ్‌లకు ఇది దూరపు చుట్టమే. పిల్లగా ఉన్నప్పుడు చుక్కల్లేని మట్టిరంగు, సులువుగా తెలిసిపోతుంది. తర్వాత ఈకలన్నీ మార్చేసుకుంటుంది, ఇక రెక్కలో అతుకు వెతికినా దొరకదు. మన ప్రాంతాలకు చలికాలంలో వచ్చే రోజ్‌ఫించ్‌తో ఇంకో చిక్కు. ఎరుపు లేదు కాబట్టి ఆడదే అని రాసేస్తాం. అది తొలి ఏడాది మగది కూడా కావచ్చు, దానికి ఎరుపు ఆలస్యంగా వస్తుంది.

అందుకే యూరప్ వాళ్ల కోడ్ పద్ధతి నాకు నచ్చుతుంది. ఈ ఏడాది పుట్టిందని తేలితే 3. నిరుడు పుట్టిందైతే 5. అంతకుముందే పుట్టిందైతే 6. పెద్దదే కానీ ఏ ఏడాదో తేలకపోతే 4. జనవరి 1 రాగానే 3 కాస్తా 5 అవుతుంది. తెలియనప్పుడు 4 రాయగలిగినవాడి డేటానే నమ్ముతారు.

వల పట్టుకుని పొలానికి వెళ్లిపోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టడం నేరం. ముందు బైనాక్యులర్, కెమెరా చాలు. ఫొటోకి తేదీ తప్పక ఉండాలి, ఏ నెలలో ఏ ఈక మారిందో తెలిసేది దానితోనే. రింగింగ్ అసలు పని చూడాలంటే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దశాబ్దాలుగా పక్షులకు రింగులు వేస్తున్న తమిళనాడులోని కోడియక్కరై ఉంది. చదువు కొనసాగించాలంటే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌ల్లో వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీ కోర్సులున్నాయి. దగ్గర్లో కావాలంటే తిరుపతి ఐసర్‌లోనూ పక్షుల మీద పరిశోధన జరుగుతోంది. వాటి వెబ్‌సైట్లలో ప్రాజెక్ట్ పోస్టుల ప్రకటనలు చూస్తుండండి.