వైరస్ మందు: ఎవరికి? ఎప్పుడు?

వానలు కురిసి గుంటల్లో నీళ్లు నిలిచాయంటే చాలు, కృత్తివెన్ను, బంటుమిల్లి, పెడన వైపు ఇంటికొకరు జ్వరంతో మంచం పడతారు. పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటే ఇల్లాలి చెయ్యి ముందు అల్మారాలోని మందుల డబ్బా మీదికే వెళుతుంది. జ్వరం మాత్రలు, అమృతాంజనం, దగ్గుమందు సీసా, వాటి అడుగున కరోనా నాటి మాత్రల అట్ట! "అదీ వైరసే, ఇదీ వైరసేగా, వేస్తే పోలా?" అనిపించడం సహజమే. అట్ట మీద తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది గానీ, పేరు మాత్రం బుర్రలో ఉండిపోయింది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఆ మాత్ర పేరు ఫావిపిరావిర్. జపాన్ వాళ్లు ఫ్లూ కోసం కనిపెట్టారు. 2014లో వాళ్ల ప్రభుత్వం అనుమతి ఇచ్చింది కానీ, మామూలు ఫ్లూకి కాదు. కొత్త రకం ఫ్లూ వచ్చి, ఉన్న మందులు పనిచెయ్యకపోతేనే బయటికి తియ్యాలని షరతు పెట్టింది. మన దేశంలో 2020 జూన్‌లో కరోనాకి అత్యవసర పరిస్థితుల్లో, పరిమితంగా వాడమన్నారు. రోగి చేత సంతకం తీసుకున్నాకే ఇవ్వాలన్నారు. హైదరాబాద్ తార్నాకలోని ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తలు దాన్ని చవకగా తయారుచేసే పద్ధతి కూడా కనిపెట్టారు. మొదటి రోజే 200 మిల్లీగ్రాముల మాత్రలు 18 మింగాలి! తీరా తర్వాత జరిగిన పెద్ద పరీక్షల్లో, ఈ మందు వల్ల ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం గానీ, మరణాలు గానీ తగ్గినట్టు తేలలేదు.

మరి చాలా వైరస్‌ల మీద పనిచేస్తుందన్న పేరెలా వచ్చింది? వైరస్ మన కణంలో దూరి తన నకళ్లు తానే తీసుకుంటుంది. ఒక ముగ్గు చూసి ఇంకో ముగ్గు వేసినట్టన్నమాట. ఈ మందు మధ్యలో తప్పుడు చుక్క పెడుతుంది. ముగ్గు కుదరదు. ప్రయోగశాల గాజుపాత్రలో ఇలా ఎన్నో వైరస్‌లు ఆగిపోయాయి. కానీ గాజుపాత్ర వేరు, మన ఒళ్లు వేరు. పైగా వైరస్ పని చేసుకునేది మన కణాల్లోనే కాబట్టి, దాన్ని కొట్టబోయే దెబ్బ మనకి తగలకుండా చూడటం కష్టం.

పురిటికి వచ్చిన అమ్మాయి ఉంటే...

ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే ఈ మాత్రల జోలికే పోకండి. జంతువుల మీద చేసిన పరీక్షల్లో పిండం చనిపోవడం, అవకరాలు రావడం కనిపించాయి. నెల తప్పిన సంగతి ఇంకా తెలియని తొలి రోజుల్లో మింగినా ప్రమాదమే. చంటిబిడ్డ తల్లులూ జాగ్రత్త, మందు పాలలోకి వెళుతుంది. మగవాళ్లు వేసుకుంటే వీర్యంలోకి వెళుతుంది కాబట్టి వాడుతున్నన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పినన్ని రోజులూ జాగ్రత్తపడాలి. ఈ ముక్క ఆయనగారికి మీరే చెప్పాలి, ఆయన అడగరు! యూరిక్ యాసిడ్ పెంచుతుంది కనుక కీళ్లవాతం ఉన్న మామగారికీ మంచిది కాదు.

2021 డిసెంబర్‌లో అనుమతి వచ్చిన మోల్నుపిరావిర్ సంగతీ ఇంతే. గర్భిణులకీ, 18 ఏళ్లలోపు వాళ్లకీ ఇవ్వకూడదు. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం 2021 వేసవిలో ఎంతమంది పుస్తెలు తాకట్టు పెట్టారో! అది ఆసుపత్రిలో డాక్టరు కళ్లెదుట ఎక్కించవలసిన మందే తప్ప, ఇంట్లో పొడిపించుకునేది కాదు.

అలాగని వైరస్ మందులన్నీ వృథా అనుకోకండి. పనిచేసేవి ఉన్నాయి. ఒక్కో మందుకి ఒక్కో శత్రువు, ఒక్కో సమయం. 2009 మేలో మన దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది. దానికి ఒసెల్టామివిర్ వాడారు. జ్వరం మొదలైన 48 గంటల్లోపు పడితే దాని గుణం బాగుంటుంది. గర్భిణులు, ముసలివాళ్లు, చంటిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఫ్లూ అని అనుమానం వస్తే చాలు, ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చూశారా, కడుపుతో ఉన్నవాళ్లకి ఒక వైరస్ మందు విషమైతే, ఇంకొకటి రక్ష!

ఆటలమ్మకి ఎసైక్లోవిర్ ఉంది. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లలకి సాధారణంగా అక్కర్లేదు. వేపమండలతో పాటు జ్వరం మాత్ర, చల్లటి స్నానం చాలు. ఆస్ప్రిన్ మాత్రం వద్దు. పెద్దవాళ్లకి ఆటలమ్మ సోకితే తీవ్రంగా ఉంటుంది. పొక్కు కనబడ్డ మొదటి రోజే మందు మొదలుపెట్టాలి. సర్పి లేస్తే మూడు రోజుల్లోపు. ఈ మాత్రలు వాడేటప్పుడు మంచినీళ్లు బాగా తాగించండి, లేకపోతే మూత్రపిండాల మీద భారం పడుతుంది. ఫావిపిరావిర్‌కీ దీనికీ సంబంధం లేదు. ఆ ముగ్గు వేరు, ఈ ముగ్గు వేరు.

మన ప్రాంతపు ఆడవాళ్లకి వైరస్ గురించి ఒకరు చెప్పాలా? 1994లో తెల్లమచ్చ వచ్చి కోస్తాలో రొయ్యల చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పటికీ దానికి మందు లేదు. చెరువులో యాంటీబయాటిక్ గుమ్మరిస్తే రొయ్య బతక్కపోగా, ఎగుమతి సరుకు వెనక్కి వచ్చింది. మనిషికైనా అంతే. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చెయ్యలేదు.

డెంగ్యూకీ వైరస్ మందు లేదు. పారాసిటమాల్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు. ఒళ్లునొప్పులని ఐబూప్రొఫెన్, ఆస్ప్రిన్ వెయ్యకండి, రక్తస్రావం ఎక్కువవుతుంది. జ్వరం తగ్గింది కదాని ఊపిరి పీల్చుకునే రోజే కనిపెట్టి చూడండి. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, మనిషి మగతగా ఉండటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా, దొరికిన బండి కట్టించుకుని బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఏ మాత్రలు వేశారో ఆ అట్టలన్నీ సంచిలో వేసుకుని మరీ వెళ్లండి.