పిల్లల షుగరు: ఇన్సులిన్ మానిపించే మందు ఉందా?

"సిస్టరుగారూ, ఈ సూదులు జీవితాంతం వేయాలా? అసలు జబ్బునే ఆపే మందు వచ్చిందటగా?" టైప్-1 షుగరు ఉన్న పిల్లల తల్లులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. అడగవలసినదే.

ఈ జబ్బు మిఠాయిలు తిన్నందువల్ల రాదు. జీర్ణాశయం వెనుక ఉండే క్లోమ గ్రంథిలో బీటా కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయి. క్రిములతో పోరాడవలసిన మన రోగనిరోధక శక్తే ఆ కణాలను నెలలు, ఏళ్ల తరబడి చంపుతుంది. చాలా కణాలు పోయాకే జబ్బు బయటపడుతుంది.

మరి ఆ శక్తిని అణిచివేస్తే? 1980ల్లో ఫ్రాన్సు, కెనడా వైద్యులు అదే ప్రయత్నించారు. కిడ్నీ మార్పిడి రోగులకిచ్చే సైక్లోస్పోరిన్‌ను కొత్తగా షుగరు వచ్చినవారికి వాడారు. ఫ్రాన్సులో పిల్లలకూ ఇచ్చారు. కొందరికి కొంతకాలం ఇన్సులిన్ అవసరం లేకపోయింది గాని ఆ మేలు నిలవలేదు. పైగా ఆ మందు కిడ్నీలకు చేటు.

2022 నవంబరులో అమెరికా ప్రభుత్వం టెప్లిజుమాబ్ అనే మందును 8 ఏళ్లు నిండినవారికి ఆమోదించింది. లక్షణాలు ఇంకా కనబడకుండా, రక్తపరీక్షలో మాత్రం యాంటీబాడీలు, చక్కెరలో తేడా ఉన్నవారికి దీన్ని వరుసగా 14 రోజులు నరానికి ఎక్కిస్తారు. 2019లో వెలువడిన 76 మంది పరిశోధనలో జబ్బు బయటపడడం సుమారు 2 ఏళ్లు ఆలస్యమైంది. రెండేళ్లేనా అనకండి, బడికి వెళ్లే పిల్లకు సూదులు లేని రెండేళ్లు చాలా ఎక్కువ. తెల్లకణాలు తగ్గడం, దద్దుర్లు వంటివి వస్తాయి గనుక నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి. అయితే ఇన్సులిన్ మొదలుపెట్టిన బిడ్డకు దాన్ని మానిపించే మందు కాదిది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు, మిగిలిన కణాలు కాస్త తేరుకుంటాయి. మోతాదు బాగా తగ్గుతుంది. డాక్టర్లు దీన్ని 'హనీమూన్' అంటారు (పిల్లల జబ్బుకు ఏం పేరో!). సరిగ్గా అప్పుడే ఎవరో ఇచ్చిన పసరుకో, పొడికో ఆ పేరు దక్కుతుంది. నయమైందని సూది మానేస్తారు. తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో, స్పృహ తప్పుతున్న బిడ్డను ఎత్తుకొస్తారు. ప్రాణం పోవచ్చు. మోతాదు తగ్గించాలన్నా డాక్టరుగారే చెప్పాలి. జ్వరం వచ్చి అన్నం తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకండి, వెంటనే ఆసుపత్రికి రండి.

ఆ బిడ్డ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరైనా ఊరకే దాహమంటున్నా, చిక్కిపోతున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, అదే రోజు తీసుకురండి. వేలి చివర ఒక్క రక్తపు చుక్కతో చక్కెర తెలిసిపోతుంది.