ఆకాశమార్గం: దూరం, కాలం

ఒక ఊరి నుంచి మరో ఊరికి దూరమెంత అని అడిగితే ఒకే జవాబు చెప్పలేం. రైలు దూరం ఒకటి, రోడ్డు దూరం మరొకటి, ఆకాశమార్గపు దూరం వేరొకటి. ఆంధ్రప్రదేశ్‌లోని రాజమహేంద్రవరం, తెలంగాణలోని హైదరాబాదు నగరాలను తీసుకొని ఈ సంగతిని పరిశీలిద్దాం.

రాజమహేంద్రవరం విమానాశ్రయం మధురపూడి వద్ద ఉంది. హైదరాబాదులో 2008లో ప్రారంభమైన విమానాశ్రయం శంషాబాదు వద్ద ఉంది. పటంలో ఈ రెండూ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదనే కనిపిస్తాయి. అంటే శంషాబాదు మధురపూడికి ఇంచుమించు నేరుగా పడమర దిక్కున ఉందన్నమాట. గ్లోబు మీద రెండు చోట్ల మధ్య దారాన్ని బిగువుగా పట్టుకొంటే వచ్చేదే అతి తక్కువ దూరం. అలా కొలిస్తే ఈ విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 360 కి.మీ.

రైలు మార్గం మాత్రం సుమారు 500 కి.మీ. ఉంటుంది. రైలు ముందుగా నైరుతి దిశగా విజయవాడకు వెళ్తుంది. అక్కడ ఉత్తరానికి మళ్లి కాజీపేట చేరి, ఆ తరువాత సికింద్రాబాదు వైపు సాగుతుంది. కొండలు, నదులు, నడుమనున్న పట్టణాలు రైలు దారిని నిర్ణయిస్తాయి. విమానానికి ఆ అడ్డంకులు లేవు.

మరి ప్రయాణానికి ఎంతసేపు పడుతుంది? ఇటువంటి తక్కువ దూరాలకు వాడే ఏ.టి.ఆర్. రకపు విమానం గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో ఎగరగలదు. లెక్క ప్రకారం 360 కి.మీ. దూరానికి 43 నిమిషాలు చాలు. కాని టైంటేబులులో గంటకు పైగా చూపుతారు. దీనికి కారణాలున్నాయి. విమానం నిలిచిన చోటు నుంచి రన్‌వే వరకు నెమ్మదిగా నడవాలి. పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు. రన్‌వే ఖాళీ అయ్యేవరకు ఒక్కొక్కసారి గాలిలోనే వేచి ఉండాలి.

గాలి ప్రభావం కూడా తక్కువేమీ కాదు. గంటకు 50 కి.మీ. వేగంతో ఎదురుగాలి వీస్తే విమానం నేల మీద సాగే వేగం 450 కి.మీ.కు తగ్గి, 48 నిమిషాలు పడుతుంది. అదే గాలి వెనుక నుంచి వీస్తే 39 నిమిషాలు చాలు. అందుకే రాకపోకలకు పట్టే కాలం ఒక్కటిగా ఉండదు.

ఇక యానాంలోని ఒక కుటుంబం రోగిని హైదరాబాదు ఆసుపత్రికి తీసుకొని వెళ్లవలసి వచ్చిందనుకోండి. మధురపూడి చేరడానికి రోడ్డు మీద రెండు గంటలు పట్టవచ్చు. విమానం బయలుదేరే వేళకు రెండు గంటల ముందే అక్కడ ఉండడం మంచిది. విమానంలో గంటకు పైగా గడుస్తుంది. సామాను తీసుకొని శంషాబాదు నుంచి నగరంలోకి చేరేసరికి మరో గంటన్నర కావచ్చు. మొత్తం ఆరు గంటలు దాటుతుంది. రైలులో అంతకంటె ఎక్కువసేపు పట్టినా, రాత్రి పడుకొని వెళ్లవచ్చు, ఖర్చూ తక్కువ. కూర్చోలేని రోగికి ఏది మేలో, తెల్లవారేలోగా చేరితే చాలునో లేదో ఆలోచించుకోవాలి.

కాబట్టి ప్రయాణ కాలాన్ని విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కాక, ఇంటి గుమ్మం నుంచి చేరవలసిన గుమ్మం వరకు లెక్కించాలి. అప్పుడే ఏ మార్గం మనకు దగ్గరో తెలుస్తుంది.