అల్ట్రావైడ్ మానిటర్‌కు పూర్తి రిజల్యూషన్: అపోహలు – వాస్తవాలు

34 అంగుళాల అల్ట్రావైడ్ మానిటర్లలో తరచుగా కనిపించే రిజల్యూషన్ 3440×1440. అంటే తెర మీద 49,53,600 పిక్సెళ్లు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద ఉండేవి 20,73,600. ఇలాంటి మానిటర్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే చాలాసార్లు 1920×1080 దగ్గరో, 2560×1080 దగ్గరో బొమ్మ ఆగిపోతుంది. అక్షరాలు అడ్డంగా సాగిపోతాయి, లేకపోతే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. సెట్టింగ్స్‌లో వెతికితే 3440×1440 అన్న వరుసే ఉండదు. మానిటర్ పాడైందని, కేబుల్ నాసిరకమని, ల్యాప్‌టాప్ పాతదని తలా ఒక మాట చెబుతారు. అసలు కారణం చాలావరకు చిన్న గుణకారంలో దొరుకుతుంది.

ఒక్కో పిక్సెల్ రంగుకు 24 బిట్లు కావాలి. తెర సెకనుకు 60 సార్లు మారాలంటే 3440×1440కి సెకనుకు సుమారు 7.13 గిగాబిట్లు అవుతాయి. దీని మీద కొంత అదనపు భారం కూడా ఉంది. పాత గాజు గొట్టం మానిటర్లలో ఎలక్ట్రాన్ కిరణం వరుస చివరి నుంచి మళ్లీ మొదటికి రావడానికి సంకేతంలో ఖాళీ సమయం వదిలేవారు. ఆ గొట్టాలు పోయినా ఖాళీ మాత్రం పూర్తిగా పోలేదు, బాగా కుదించారంతే. కుదించిన లెక్క ప్రకారం ఈ రిజల్యూషన్‌కు 60 హెర్ట్జ్ దగ్గర కావలసిన పిక్సెల్ క్లాక్ 319.75 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు దాదాపు 7.67 గిగాబిట్లు. గ్రాఫిక్స్ చిప్, పోర్టు, అడాప్టర్, కేబుల్, మానిటర్ ఇన్‌పుట్ అన్నీ ఈ ప్రవాహాన్ని మోయాలి. కాలువ ఎంత వెడల్పున్నా తూము పట్టినంత నీరే పారినట్టు, వీటిలో అన్నిటికంటే ఇరుకైనది ఏదో దాన్ని బట్టే తెర మీద బొమ్మ ఉంటుంది. కింది అపోహల్లో చాలావరకు ఆ ఇరుకు ఎక్కడుందో సరిగా గుర్తించకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఖరీదైన కేబుల్ కొంటే సరిపోతుంది

దుకాణంలో మొదట వచ్చే సలహా ఇదే, బహుశా అమ్మడానికి తేలికైన వస్తువు కాబట్టి. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ రెండూ డిజిటల్ సంకేతాలు. బంగారు పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది తప్ప పిక్సెళ్లను పెంచదు. హెచ్‌డీఎంఐ కేబుల్ సామర్థ్యం చాలకపోతే కనిపించే లక్షణాలు వేరు: తెర మీద మెరిసే చుక్కలు, మధ్యమధ్యలో ఒకటి రెండు సెకన్లు నల్లబడటం, అసలు సిగ్నల్ లేదన్న సందేశం. రిజల్యూషన్ జాబితాలోనే 3440×1440 లేకపోవడం చాలావరకు కేబుల్ పని కాదు.

దీనికి మినహాయింపులు రెండున్నాయి. డిస్‌ప్లేపోర్ట్‌లో ల్యాప్‌టాప్, మానిటర్ పని మొదలుపెట్టే ముందు కేబుల్ ఎంత వేగం మోయగలదో పరీక్షించుకుంటాయి. కేబుల్ తడబడితే తక్కువ వేగానికి దిగుతాయి, అప్పుడు పెద్ద రిజల్యూషన్లు జాబితా నుంచి మాయమవుతాయి. ఇక మానిటర్ తన వివరాలు పంపే సన్నని తీగ తెగిపోతే, ఎదుట ఏ తెర ఉందో ల్యాప్‌టాప్‌కు తెలియక 1024×768 వంటి పాత కొలతతో సరిపెడుతుంది.

కేబుల్ కొనేటప్పుడు చూడాల్సింది వెర్షన్ నంబరు కాదు, రకం. హెచ్‌డీఎంఐ కేబుళ్ల మీద వెర్షన్ నంబర్లు ముద్రించడానికి ఆ ప్రమాణం నిబంధనలు ఒప్పుకోవు. హై స్పీడ్ కేబుల్ 10.2 గిగాబిట్లకు, ప్రీమియం హై స్పీడ్ 18కి, అల్ట్రా హై స్పీడ్ 48కి పరీక్షించినవి. 3440×1440ని 60 హెర్ట్జ్ దగ్గర చూడటానికి మామూలు హై స్పీడ్ కేబులే చాలు.

అపోహ: హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ ఒకటే

పైకి చూస్తే నిజంగానే ఒకటే. ఆకారం మారకుండా లోపలి సామర్థ్యం మాత్రం పలుమార్లు మారింది. తొలి వెర్షన్లలో పిక్సెల్ క్లాక్ హద్దు 165 మెగాహెర్ట్జ్, అంటే 60 హెర్ట్జ్ దగ్గర 1920×1200 దాకా. 2006లో వచ్చిన 1.3 దాన్ని 340కి పెంచింది, 2009 నాటి 1.4 అదే హద్దును కొనసాగించింది. 2013లో వచ్చిన 2.0తో అది 600కి చేరింది. 2017 నాటి 2.1 సంకేతం పంపే పద్ధతినే మార్చి 48 గిగాబిట్లకు తీసుకెళ్లింది.

కాగితం మీద చూస్తే 319.75 అన్నది 340 లోపే ఉంది కదా, మరి 1.4 పోర్టున్న చాలా ల్యాప్‌టాప్‌లు 60 హెర్ట్జ్ ఎందుకు ఇవ్వవు? ఎందుకంటే ప్రమాణం అనుమతించే గరిష్ఠం వేరు, చిప్ తయారీదారు అమలు చేసింది వేరు. ఇంటెల్ నాలుగో తరం నుంచి చాలా ఏళ్ల పాటు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ హెచ్‌డీఎంఐ ద్వారా నేరుగా 300 మెగాహెర్ట్జ్ దాకానే పంపేవి. 2019 నాటి ఐస్ లేక్ చిప్‌లతో హెచ్‌డీఎంఐ 2.0 నేరుగా లోపలికి వచ్చింది. అంతకుముందు అది కావాలంటే ల్యాప్‌టాప్ కంపెనీ విడిగా ఒక మార్పిడి చిప్ పెట్టాల్సి వచ్చేది, చౌక మోడళ్లలో పెట్టేవారు కాదు. 3440×1440ని 50 హెర్ట్జ్‌కు తగ్గిస్తే కావలసింది సుమారు 265 మెగాహెర్ట్జ్ మాత్రమే, అది 300 లోపు ఇమిడిపోతుంది. ఎన్నో మానిటర్ల కరపత్రాల్లో హెచ్‌డీఎంఐ పక్కన 50 హెర్ట్జ్ అని చిన్న అక్షరాలతో కనిపించడానికి ఈ పాత హద్దులతోనే సంబంధం. జాబితాలో 60 దగ్గర వెతికి లేదనుకునే చాలామందికి 50 దగ్గర అదే రిజల్యూషన్ దొరుకుతుంది.

ఇంకా మంచి దారి తరచుగా అదే ల్యాప్‌టాప్ అంచున మరో చోట ఉంటుంది. 2010లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.2 నాలుగు దారుల మీద కలిపి 17.28 గిగాబిట్ల అసలు సమాచారం మోస్తుంది. ఇక్కడ 7.67 ఏమంత భారం కాదు. మినీ డిస్‌ప్లేపోర్ట్ గానీ, వీడియో ఇచ్చే యూఎస్‌బీ-సి పోర్టు గానీ ఉంటే, హెచ్‌డీఎంఐ దగ్గర నిలిచిపోయిన మానిటరే అక్కడ 60 హెర్ట్జ్ దగ్గర పూర్తిగా వెలుగుతుంది.

డబ్బా మీద హెచ్‌డీఎంఐ 2.1 అని ఉంటే 48 గిగాబిట్లు ఖాయమన్న నమ్మకం కూడా పొరపాటే. 2.1 వచ్చాక 2.0 అందులో కలిసిపోయింది, కొత్త లక్షణాలన్నీ ఐచ్ఛికాలు. 18 గిగాబిట్లకు మించని పోర్టు మీద కూడా ఆ ముద్ర వేయవచ్చు. గిగాబిట్ల అంకె గానీ, ఏ రిజల్యూషన్ దగ్గర ఎన్ని హెర్ట్జ్ ఇస్తుందన్న పట్టిక గానీ చూడాలి.

అపోహ: యూఎస్‌బీ-సి ఉంటే వీడియో వస్తుంది

యూఎస్‌బీ-సి అనేది పోర్టు ఆకారం పేరు మాత్రమే. దానిలోంచి వీడియో రావాలంటే 2014లో ప్రకటించిన డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉండాలి. చాలా చౌక ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు ఛార్జింగ్‌కో, డేటాకో పరిమితం. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉంటే అది థండర్‌బోల్ట్, దానిలో వీడియో వస్తుంది; డి, పి అక్షరాలు పెనవేసుకున్న గుర్తు ఉన్నా వీడియో ఉన్నట్టే. ఏ గుర్తూ లేకపోతే మోడల్ వివరాల పత్రమే దిక్కు.

ఆల్ట్ మోడ్ ఉన్నా ఇంకో మెలిక ఉంది. ఆ పోర్టులో వేగవంతమైన దారులు నాలుగు. నాలుగింటినీ వీడియోకిస్తే పెన్‌డ్రైవ్, కీబోర్డు వంటివి పాత యూఎస్‌బీ 2.0 వేగానికి పడిపోతాయి. అందుకని చాలా హబ్‌లు రెండు దారులు వీడియోకు, రెండు డేటాకు పంచుతాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంలో రెండు దారుల సామర్థ్యం 8.64 గిగాబిట్లు. 3440×1440 దానిలో అంచుల దాకా నిండి సరిపోతుంది. 49 అంగుళాల 5120×1440 తెరకు మాత్రం 60 హెర్ట్జ్ దగ్గర 11.26 గిగాబిట్లు కావాలి, అక్కడ హబ్ చేతులెత్తేస్తుంది. ల్యాప్‌టాప్, హబ్ రెండూ డిస్‌ప్లేపోర్ట్ 1.4 వేగం మోయగలిగితే రెండు దారుల్లోనే 12.96 గిగాబిట్లు పడతాయి, సమస్య తీరుతుంది. కొన్ని యూఎస్‌బీ-సి మానిటర్ల మెనూలో అధిక రిజల్యూషన్ కావాలా, అధిక డేటా వేగం కావాలా అని అడిగే సెట్టింగ్ ఈ పంపకం గురించే.

అపోహ: అడాప్టర్‌ను ఎటైనా పెట్టుకోవచ్చు

డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చౌక అడాప్టర్ నిజానికి ఏమీ మార్చదు. హెచ్‌డీఎంఐ సంకేతమే పంపమని ల్యాప్‌టాప్‌కు చెబుతుంది, అంతే. అలాంటి వాటిలో మొదటి రకం 165 మెగాహెర్ట్జ్ దగ్గర, రెండో రకం 300 దగ్గర ఆగుతాయి. వీటిని తిరగేసి ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కు పెడితే బొమ్మే రాదు. ఆ దిశలో కావాలంటే లోపల మార్పిడి చిప్ ఉండి, కరెంటు తీసుకునే అడాప్టర్ కొనాలి.

అపోహ: గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు లేనిదే కుదరదు

ఎక్సెల్ పట్టికలు, బ్రౌజర్, సినిమా చూడటానికి 3440×1440 ఏ గ్రాఫిక్స్‌కూ పెద్ద బరువు కాదు. పదేళ్ల నాటి ఇంటెల్ గ్రాఫిక్స్ డిస్‌ప్లేపోర్ట్ ద్వారా 60 హెర్ట్జ్ దగ్గర 4కే తెరనే నడిపాయి. పిక్సెళ్లు ఇంకా ఎక్కువున్న ఆ తెరతో పోలిస్తే ఇది తేలిక. బలమైన కార్డు అవసరమయ్యేది ఆటలకు. విడి కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లలో గమనించాల్సింది దాని శక్తి కంటే తీగల అమరిక: కొన్ని మోడళ్లలో హెచ్‌డీఎంఐ విడి కార్డుకు, యూఎస్‌బీ-సి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు కలిపి ఉంటాయి. అందుకే ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు పోర్టులు రెండు రకాల హద్దులు చూపిస్తాయి.

అపోహ: జాబితాలో లేదంటే మానిటర్ లోపమే

విండోస్ చూపే జాబితా మానిటర్ స్వయంగా చెప్పుకున్న వివరాల నుంచి వస్తుంది. ఆ వివరాల పట్టీని ఈడీఐడీ అంటారు. దాన్ని దారి మధ్యలో ఎవరైనా మార్చవచ్చు. ఒకే తెరకు రెండు కంప్యూటర్లు కలిపే పాత కేవీఎం స్విచ్‌లు, స్ప్లిటర్లు తమ సొంత పట్టీ చూపి 1920×1080 దగ్గర ఆపేస్తాయి. ఈడీఐడీలో ఒక కొలతను వివరించే 18 బైట్ల వరుసలో వెడల్పుకు కేటాయించింది 12 బిట్లే, కాబట్టి 4095 పిక్సెళ్లకు మించి రాయడం అందులో సాధ్యం కాదు. 5120 వెడల్పు తెరలు తమ అసలు కొలతను డిస్‌ప్లేఐడీ అనే కొత్త పట్టీలో రాస్తాయి. దాన్ని చదవలేని పాత డ్రైవర్ కింద 49 అంగుళాల తెర చిన్న రిజల్యూషన్‌తో సర్దుకోవాల్సి వస్తుంది.

అన్నిటికంటే మామూలుగా జరిగేది మాత్రం డూప్లికేట్ మోడ్. రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపమంటే, రెండూ చూపగల కొలతనే విండోస్ ఎంచుకుంటుంది. ల్యాప్‌టాప్ తెర 1920×1080 అయితే పక్కనున్న అల్ట్రావైడ్‌కూ అదే గతి. విండోస్ మీటతో పాటు పి నొక్కి ఎక్స్‌టెండ్ గానీ, రెండో తెర మాత్రమే అన్నది గానీ ఎంచుకుంటే పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. మానిటర్ మెనూ కూడా చూడాలి. పక్కపక్కనే రెండు ఇన్‌పుట్లు చూపే మోడ్ పొరపాటున ఆన్‌లో ఉంటే 3440 వెడల్పు తెర ల్యాప్‌టాప్‌కు 1720×1440గా, 5120 తెర 2560×1440గా పరిచయం చేసుకుంటుంది. డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ సెట్టింగ్ 1.1 మీద మిగిలిపోతే 60 హెర్ట్జ్ వస్తుంది గానీ 100 రాదు.

అపోహ: కస్టమ్ రిజల్యూషన్ పెడితే తెర కాలిపోతుంది

గాజు గొట్టాల కాలంలో ఈ భయానికి ఆధారం ఉండేది. నేటి ఎల్‌సీడీ మానిటర్ తనకు పడని సంకేతం వస్తే పరిధి దాటిందని సందేశం చూపి ఊరుకుంటుంది, విండోస్ కాసేపటికి పాత సెట్టింగ్‌కు తిరిగొస్తుంది. అలాగని కస్టమ్ రిజల్యూషన్ మంత్రం కూడా కాదు, చిప్ హద్దు 300 మెగాహెర్ట్జ్ అయితే చేత్తో రాసినంత మాత్రాన అది పెరగదు. లినక్స్ వాడేవారికి ఇక్కడొక ఉచ్చు ఉంది. పిక్సెల్ క్లాక్ లెక్కగట్టే సీవీటీ ఆదేశానికి కుదించిన ఖాళీ కోరే ఆర్ గుర్తు చేర్చకపోతే అది గాజు గొట్టం నాటి లెక్క వేసి, 3440×1440కి సుమారు 420 మెగాహెర్ట్జ్ అడుగుతుంది. ఆ అంకె చూసి పోర్టు చాలదని నిరాశపడేవారున్నారు.

అపోహ: అంకె కనిపించిందంటే బొమ్మ సరిగ్గా వచ్చినట్టే

విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో డెస్క్‌టాప్ మోడ్, యాక్టివ్ సిగ్నల్ మోడ్ అని రెండు వరుసలుంటాయి. మొదటిది విండోస్ గీస్తున్న కొలత, రెండోది తీగలో నిజంగా వెళ్తున్న కొలత. రెండూ కలవకపోతే మధ్యలో ఎవరో సాగదీస్తున్నారని అర్థం. రెండూ కలిసినా 30 హెర్ట్జ్ దగ్గర ఉంటే మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. మరికొన్ని సందర్భాల్లో ల్యాప్‌టాప్ పిక్సెళ్లను తగ్గించకుండా రంగుల సమాచారం తగ్గిస్తుంది. 4:2:0 పద్ధతిలో నాలుగు పిక్సెళ్లకు ఒకే రంగు విలువ వెళ్తుంది. సినిమాలో ఇది కంటికి ఆనదు. ఎర్ర అక్షరాల్లో, నీలం లింకుల్లో మాత్రం అంచులు చెరిగిపోతాయి, చిన్న సైజు తెలుగు అక్షరాల వత్తులు, గుడులు అలుక్కుపోతాయి. గ్రాఫిక్స్ ప్యానెల్‌లో రంగుల పద్ధతిని ఆర్‌జీబీకో, 4:4:4కో మార్చాలి. అందుకు చోటు చాలకపోతే హెర్ట్జ్ కొంచెం తగ్గించడం మేలు.

అపోహ: అక్షరాలు చిన్నవైతే రిజల్యూషన్ తగ్గించాలి

3440 వెడల్పు ప్యానెల్ మీద 2560×1080 పెడితే ప్రతి బిందువూ అడ్డంగా 1.34 పిక్సెళ్ల మీద పరుచుకుని అంతా మసకబారుతుంది. అక్షరాల పరిమాణం మార్చాల్సింది స్కేల్ సెట్టింగ్‌లో. 34 అంగుళాల ఈ తెర మీద అంగుళానికి సుమారు 110 పిక్సెళ్లుంటాయి, 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ తెర మీద 141. అంటే స్కేల్ ఒకటే అయితే అక్షరాలు పెద్ద తెర మీదే పెద్దగా ఉంటాయి. ల్యాప్‌టాప్‌కు 125 శాతం పెట్టుకునేవారికి అల్ట్రావైడ్ మీద 100 శాతమే సరిపోవచ్చు. విండోస్ ఏ తెరకు ఆ తెర స్కేల్ విడిగా పెట్టుకోనిస్తుంది.