శిథిలాల మీద కొలువుదీరిన పాలికలు

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన గోర్ఖా భూకంపం నేపాల్‌లో దాదాపు 9 వేల మందిని బలిగొంది. ఆనాడు ఊళ్లలో ఎన్నికైన పాలకుడు ఒక్కరూ లేరు. 1997లో గెలిచినవారి గడువు 2002లోనే తీరిపోయింది; ఆ తర్వాత భూకంపం నాటికి గ్రామాల్లో మళ్లీ ఎన్నికలు జరగలేదు. గ్రామానికి దిక్కు ప్రభుత్వ కార్యదర్శే. కొన్నిచోట్ల ఆయనకూ రెండు మూడు ఊళ్లు!

కూలిన ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయల సాయం మూడు విడతల్లో ఇచ్చారు. పునాది లేచాక ఇంజినీరు వచ్చి, నిబంధనల ప్రకారమే కట్టారని రాసిస్తేనే రెండో విడత. బండి వెళ్లని కొండ ఊళ్లలో ఆ ఒక్క సంతకం కోసం మొండి పునాదులు ఎదురుచూసేవి. డబ్బు కన్నా మనుషుల కొరతే పెద్ద చిక్కు.

2017లో మూడు దశల ఎన్నికలతో 753 స్థానిక ప్రభుత్వాలు, అంటే పాలికలు, ఏర్పడ్డాయి. ప్రతి వార్డు కమిటీలో అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. ఆ నలుగురిలో ఇద్దరు మహిళలు, వారిలో ఒకరు దళిత మహిళ. చిన్న తగాదాలు తీర్చే న్యాయ సమితికి పాలిక ఉపాధ్యక్షులే పెద్ద. రాజ్యాంగం 22 అధికారాలనైతే ఇచ్చింది గానీ, లెక్కలు రాసేవారిని, ఇంజినీర్లను వెంట పంపలేదు. రాజధాని వదిలి కొండెక్కడానికి ఉద్యోగులు అంత సుముఖంగా లేరు మరి.

అయినా 2023 నవంబరులో జాజర్‌కోట్ జిల్లా భూకంపానికి కంపించినప్పుడు, తాత్కాలిక గూడు సాయానికి బాధితుల జాబితా రాసే పని పాలికల చేతికే వచ్చింది.