ఆల్-ఇన్-వన్ కంప్యూటర్ కొనవచ్చునా?



ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలించే రోజులలో తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు అన్నీ చదువును గురించే ఉండవు. ఈసారి సాత్తూరు దగ్గరి పల్లె నుంచి కూతురిని వెంటబెట్టుకొని వచ్చిన ఒక తండ్రి, సంతకాలన్నీ అయిన తరువాత మెల్లగా అడిగారు: "అన్నా, కోవిల్‌పట్టి అంగడిలో ఒక కంప్యూటర్ చూసినాము. టీవీ మాదిరి ఉంది, కింద పెట్టె లేదు. ముప్పై అయిదు వేలంట, నెలనెలా కట్టుకోవచ్చునంట. మీరిచ్చే డబ్బు దానికి కట్టేదా?"

అమ్మాయి బి.కాం. మొదటి సంవత్సరం. తమ్ముడు పదో తరగతి. తల్లి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోతుంది, తండ్రిది నల్లరేగడిలో వానను నమ్ముకొన్న సేద్యం. ఆ ఇంటికి ముప్పై అయిదు వేలంటే ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రోజు నేను "తొందరపడవద్దండీ" అని మాత్రం అన్నాను. ఎందుకన్నానో ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి వరకు మన కుటుంబాలలో చాలామందికి ఇదే సందేహం ఉంది.

ఆల్-ఇన్-వన్ అంటే కంప్యూటర్ భాగాలన్నీ తెర వెనుకనే అమర్చిన యంత్రం. 1998లో యాపిల్ సంస్థ ఐమ్యాక్‌ను తెచ్చిన తరువాత ఈ పద్ధతి లోకానికి బాగా పరిచయమైంది. చూడడానికి అందంగా ఉంటుంది, చిన్న బల్లపైన ఇమిడిపోతుంది, కెమెరా, స్పీకర్లు, వైఫై అన్నీ అందులోనే ఉంటాయి. తెర సాధారణంగా 22 నుంచి 24 అంగుళాలు. అకౌంట్స్ పట్టికలు చూసేవారికి, తెరపైన పరీక్ష వ్రాయడం అలవాటు చేసుకోవలసినవారికి పెద్ద తెర నిజంగా మేలు చేస్తుంది. ఇంజనీరింగ్ ప్రవేశానికి జరిగే జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటర్‌పైనే జరుగుతున్నది. ఫోన్‌లో చదివి అక్కడికి పోయిన పిల్లలు తడబడుతున్నారు.

ఇంత మంచిదైతే అభ్యంతరమేమిటి? తక్కువ ధర ఆల్-ఇన్-వన్ పేరుకు డెస్క్‌టాప్, లోపల మాత్రం ల్యాప్‌టాప్. సన్నని తెర వెనుక వేడి పుట్టించే పెద్ద ప్రాసెసర్ పట్టదు కాబట్టి ల్యాప్‌టాప్‌లో వాడే చిన్న ప్రాసెసర్‌ను మదర్‌బోర్డుకే అతికించి ఇస్తారు. దానిని తరువాత మార్చలేము. అంటే ల్యాప్‌టాప్‌కు ఉన్న పరిమితులన్నీ దీనికి వచ్చాయి. ల్యాప్‌టాప్‌కు ఉన్న రెండు సుగుణాలు, బ్యాటరీ ఉండడం, చంకన పెట్టుకొని పోగలగడం, దీనికి రాలేదు.

కరెంటు పోతే ఆరిపోతుంది కాబట్టి యూపీఎస్ వేరుగా కొనాలి. పిల్ల రెండో ఏట హాస్టలుకు మారినా, ఆ తరువాత చెన్నైకో కోయంబత్తూరుకో పోయినా యంత్రం ఇంట్లోనే ఉండిపోతుంది.

అన్నింటికన్నా పెద్ద చిక్కు తెర. మామూలు డెస్క్‌టాప్‌లో తెర పాడైతే తెర ఒక్కటే మార్చుకొంటాము, పెట్టె పాడైతే తెర మిగులుతుంది. ఇక్కడ రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి. మా ఇంట్లోనే ఈ అనుభవం అయింది. కొన్న మూడో సంవత్సరం తెర నడుమ నిలువుగా ఒక గీత వచ్చింది, నెల తిరిగేసరికి సగం తెర నల్లబడింది. వారంటీ ఒక్క సంవత్సరమే. తెర మార్చడానికి చెప్పిన ఖర్చు కొత్త యంత్రం ధరలో సగానికి దగ్గరగా ఉంది. లోపలి కంప్యూటర్ బాగానే ఉంది, ఉండి ఏం లాభం? దానికి వేరే మానిటర్ తగిలించి, పనికిరాని తెరను గోడవైపు తిప్పి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాము. చూసినవాళ్ళు నవ్వేవారు.

తెర బాగుండి లోపలి బోర్డు పోతే ఆ మాత్రం దారి కూడా చాలామందికి ఉండదు. తక్కువ ధర రకాలలో చాలావాటికి బొమ్మను బయటికి పంపే హెచ్‌డీఎంఐ రంధ్రమే ఉంటుంది, బయటి నుంచి బొమ్మను తీసుకొనేది ఉండదు. కాబట్టి దానిని మానిటర్‌గా వాడుకోవడం కుదరదు.

మరి ఎవరూ కొనకూడదా అంటే, అలా అనను. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకే ఇంట్లో ఉండి చదువుకొంటూ, యంత్రం పెట్టిన చోటనే ఉండేట్లయితే, ఇంట్లో ఇదివరకే ఇన్వర్టరో యూపీఎస్సో ఉంటే, మూడు సంవత్సరాల వారంటీ కలిపి కొనగలిగితే, అది సరైన కొనుగోలే కావచ్చు. చిన్న అంగడి నడుపుతూ పగలు బిల్లులకు, రాత్రి పిల్లల చదువుకు ఒకే యంత్రం వాడేవారికి కూడా సరిపోతుంది. కరెంటు ఖర్చుకు భయపడనక్కరలేదు. 40 వాట్లు తీసుకొనే యంత్రాన్ని రోజుకు 5 గంటలు నడిపితే రెండు నెలలకు 12 యూనిట్లు మాత్రమే.

అటువంటివారు అంగడిలో "ఐ3 సార్, లేటెస్ట్ సార్" అన్న మాటతో తృప్తి పడక ప్రాసెసర్ పూర్తి పేరును కాగితంపైన వ్రాయించుకోవాలి. 2023లో ఇంటెల్ తెచ్చిన ఎన్100 నాలుగు కోర్ల చిన్న ప్రాసెసర్. టైపింగ్, పాఠాల వీడియోలు, ట్యాలీ, ఎక్సెల్ పనులకు చాలు. ఇంజనీరింగ్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కు అది చాలదు. ర్యామ్ 8 జీబీకి తక్కువ వద్దు, తరువాత పెంచే వీలుందా అని అడగండి. నిల్వకు ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ఈఎంఎంసీ అని వ్రాసి ఉంటే, పాత పద్ధతి హార్డ్ డిస్కు ఒక్కటే ఉంటే వద్దనండి. యంత్రం నత్తలా నడుస్తుందని పిల్లలు విసిగి మళ్ళీ ఫోన్ పట్టుకొనేది చాలావరకు దీనివల్లనే. సర్వీసు మనిషి మీ ఊరి పిన్‌కోడ్‌కు వస్తాడా, లేక మీరే మదురై దాకా మోసుకొని పోవాలా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

వాయిదాల సంగతి కూడా చూడండి. సున్నా వడ్డీ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉండవచ్చు, రొక్కానికి ఇచ్చే తగ్గింపు వాయిదాకు ఇవ్వకపోవచ్చు. ముప్పై అయిదు వేలను పన్నెండు వాయిదాలు చేస్తే నెలకు సుమారు 2,917 రూపాయలు. వానలు లేని నెలలో కూడా అది కట్టాలి. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి నిరుడు పక్కింటివారు కొన్న ధరను మనసులో పెట్టుకోవద్దు.

తక్కువ డబ్బులో ఇంకొక దారి ఉంది. కంపెనీలు వాడి మార్చిన ఆఫీసు డెస్క్‌టాప్‌లను బాగు చేసి అమ్ముతారు. దానికి ఒక మానిటర్ చేర్చుకొంటే కొత్త ఆల్-ఇన్-వన్ కన్నా చాలా తక్కువలో పని జరుగుతుంది, ఏ భాగం పోయినా ఆ భాగమే మార్చుకోవచ్చు. కానీ ఒక జాగ్రత్త. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదవ తరం లేక ఆపైది ఉంటేనే విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఒప్పుకొంటుంది. అందుకే నాలుగో తరం, ఆరో తరం యంత్రాలు ఇప్పుడు చవకగా కనిపిస్తాయి. బిల్లు, కనీసం ఆరు నెలల హామీ లేకుండా తీసుకోవద్దు.

కొనకముందు ఉచితంగా రాగలదేదైనా ఉందా అని కాలేజీలో కనుక్కోండి. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబర్ 15న విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది, నడుమ అది ఆగింది. 2025 మార్చి బడ్జెట్‌లో కాలేజీ విద్యార్థులకు రెండేళ్ళలో 20 లక్షల ల్యాప్‌టాప్‌లు లేదా ట్యాబ్‌లు ఇస్తామని ప్రకటించారు. మీ కాలేజీ, మీ సంవత్సరం అందులో ఉన్నాయో లేదో ఆఫీసులో అడిగితే తెలుస్తుంది.

ఒక చిన్న మాట. ఏ యంత్రం కొన్నా అందులో తెలుగు కీబోర్డును కూడా పెట్టించుకోండి, విండోస్‌లో దానికి వేరే ఖర్చు లేదు. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామందికి తెలుగు అక్షరాలు రావు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారిది కూడా తెలుగు మాట్లాడే ఇల్లే, ఆయన తమిళంలో వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. రెండు లిపులూ వస్తే మన పిల్లలకు నష్టమేమీ లేదు.

సాత్తూరు అమ్మాయి సంగతి చెప్పడం మరచితిని. రెండు వారాల తరువాత తండ్రి ఫోన్ చేశారు. కాలేజీలో ల్యాప్‌టాప్ సంగతి ఇంకా తేలలేదట. అందాకా ఆగకుండా ఎనిమిదవ తరం పాత డెస్క్‌టాప్, కొత్త మానిటర్, చిన్న యూపీఎస్ తీసుకొన్నారు. మిగిలిన డబ్బులో రెండో సెమిస్టరు ఫీజు కట్టి, రసీదు నకలు మాకు పంపించారు.