విండోస్‌తో మాట కలిపిన సాంబా

ఒకే గదిలో రెండు కంప్యూటర్లు. ఒకదానిలో లినక్స్, ఇంకోదానిలో విండోస్. రౌటర్ ఒకటే, ఇంటర్నెట్ రెండింటికీ అందుతోంది. అయినా లినక్స్‌కు తగిలించిన ప్రింటర్ విండోస్‌కు చాలాకాలం కంటికి ఆనలేదు. లోపం తీగలో లేదు. యూనిక్స్ సంతతి యంత్రాలు ముద్రణకు ఎల్‌పీడీ అనే పద్ధతిని వాడేవి. విండోస్‌ది ఎస్ఎంబీ. దాన్ని 1980లలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందిస్తే, మైక్రోసాఫ్ట్ అందుకుని తన అవసరం కొద్దీ కొత్త అంశాలు చేర్చుకుంటూ పోయింది. ఆ చేర్పులన్నిటినీ బయటివాళ్లకు విడమరిచి రాసిచ్చిన పాపాన మాత్రం పోలేదు.

ఆ చిక్కుముడి విప్పినవాడు ఆండ్రూ ట్రిడ్జెల్. 1991 చివర్లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి. డెక్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న తన పీసీ నుంచి యూనిక్స్ యంత్రంలోని ఫైళ్లు చూడాలన్నది ఆయన అవసరం. దారి చెప్పే పుస్తకం లేదు. నెట్‌వర్క్ మీద అటూ ఇటూ పోయే ప్యాకెట్లను పట్టి చూస్తూ, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తోందో గమనించి, అదే జవాబిచ్చే ప్రోగ్రామ్ రాశాడు. ఈ పద్ధతిని ఆయనే తర్వాత ఒక పోలికతో చెప్పాడు: భాష రానివాడు ఫ్రెంచి హోటల్లో కూర్చుని, పక్క బల్లవాళ్లు ఏమంటే సర్వర్ ఏం తెస్తున్నాడో చూసి నేర్చుకోవడం లాంటిదని. 

రాసి పక్కన పడేశాడు. సుమారు రెండేళ్లకు, భార్య పీసీని తన లినక్స్ యంత్రానికి కలపాల్సి వచ్చినప్పుడు గాని పాత ప్రోగ్రామ్ విలువ తెలియలేదు. మొదట పెట్టిన పేరు మీద వేరే కంపెనీకి హక్కుండటంతో, ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాట కోసం కంప్యూటర్లోని నిఘంటువును గాలించాడు. దొరికిన కొద్ది మాటల్లో సాంబా ఒకటి; అదే ప్రోగ్రామ్ పేరైంది.

ముద్రణ ఇందులో ఎలా ఇమిడింది? తొలినాటి ఎస్ఎంబీలో ప్రింట్ చేయడమంటే ఒక ఫైలు రాయడమే. విండోస్ పీసీ సర్వర్‌లో ఫైలు తెరుస్తుంది, పేజీలు అందులో పోస్తుంది, మూసేస్తుంది. మూసిన మరుక్షణం సాంబా ఆ ఫైలును లినక్స్ ముద్రణ వరసలోకి నెడుతుంది. డ్రైవర్‌ను కూడా సర్వరే పీసీకి అందించే విండోస్ ఎన్‌టీ పద్ధతి 2.2 వెర్షన్‌తో, 2001లో, సాంబాకు అబ్బింది.

అసలు తలనొప్పి డ్రైవర్‌దే. పేజీని ప్రింటర్‌కు అర్థమయ్యే రూపంలోకి ఎవరో ఒక్కరే మార్చాలి. విండోస్ డ్రైవర్ మార్చి పంపినదాన్ని లినక్స్ ముట్టుకోకుండా ప్రింటర్‌కు ఇవ్వాలి. లేదా మార్చే పని లినక్స్‌కే వదలాలి. ఈ ఒప్పందం కుదరనిచోట ఒక్క ఉత్తరం అడిగితే, శాతం గుర్తుతో మొదలయ్యే పోస్ట్‌స్క్రిప్ట్ ఆజ్ఞలే అక్షరాలుగా అచ్చవుతూ కాగితాల కట్ట ఖాళీ అవుతుంది. నన్నడిగితే సాంబాకు పడ్డ నిందల్లో చాలావరకు దీనివే.

లినక్స్ వైపు ఇల్లు చక్కబెట్టింది కప్స్ అనే ముద్రణ వ్యవస్థ. మైకేల్ స్వీట్ 1997లో మొదలుపెట్టాడు, 1999లో బయటికొచ్చింది. ఆపిల్ 2002లో తన మ్యాక్‌లలో పెట్టుకుంది. ఎల్‌పీడీని పక్కనబెట్టి ఐపీపీ అనే బహిరంగ ప్రమాణాన్ని పునాదిగా ఎంచుకోవడం దాని గొప్ప. నేటి లినక్స్‌లో ముద్రణకు వెళ్లే పేజీ సాధారణంగా పీడీఎఫ్‌గా ప్రయాణిస్తుంది. అక్షరాల ఆకారాలు అందులోనే ఉంటాయి కాబట్టి ప్రింటర్‌కు తెలుగు రాకపోయినా వొత్తులు చెదరవు.

ప్యాకెట్లు చూసి ఊహించే శ్రమ 2007 దాకా సాగింది. విండోస్ సర్వర్లతో ఇతరులు మాట్లాడేందుకు కావలసిన వివరాలు ఇవ్వాల్సిందేనని యూరోపియన్ కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌ను ఆదేశించింది. మైక్రోసాఫ్ట్ కోర్టులో ఓడాక, 2007 డిసెంబరులో, ఒక్కసారి చెల్లించే 10,000 యూరోలకు ఆ పత్రాలు సాంబా బృందం చేతికొచ్చాయి. పదిహేనేళ్లు చీకట్లో తడుముకున్నవాళ్లకు అది చవకే.

విచిత్రమేమిటంటే, ఇంత కష్టపడి నిలబెట్టిన ఈ దారి ముద్రణకు ఇప్పుడు పెద్దగా అక్కర్లేదు. 2021లో విండోస్ ప్రింట్ స్పూలర్‌లో ‘ప్రింట్‌నైట్‌మేర్’ లోపం బయటపడ్డాక, సర్వర్ నుంచి డ్రైవర్ దించుకోవడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి తప్పనిసరైంది. బయటి కంపెనీల డ్రైవర్లను క్రమంగా వదిలించుకుంటామని 2023లో మైక్రోసాఫ్టే ప్రకటించింది. మిగిలేది ఐపీపీయే.

కాబట్టి కొత్త నెట్‌వర్క్ ప్రింటర్ కొంటే ఐపీపీ ఉన్నదే చూసి తీసుకోండి, రెండు కంప్యూటర్లనూ నేరుగా దానికే కలపండి. పాత యూఎస్‌బీ ప్రింటర్ లినక్స్‌కు తగిలించి ఉంటే కప్స్‌లో షేర్ చేసి, విండోస్‌లో దాని ఐపీపీ చిరునామా ఇవ్వండి. ఉద్యోగుల ఖాతాలన్నీ విండోస్ డొమైన్ మీద నడిచే ఆఫీసులకే సాంబా దారి మేలు. ఏ దారి పట్టినా ఐపీపీ వాడే 631 నంబరు పోర్టును మాత్రం ఇంటర్నెట్ వైపు తెరవకండి; 2024 సెప్టెంబరులో కప్స్ కుటుంబంలో బయటపడ్డ లోపాలు ఆ పోర్టు తెరిచి ఉన్న యంత్రాలకు ముప్పు తెచ్చాయి.